కొత్తగా లైసెన్స్ వచ్చింది: నడుముకు పెట్టుకోవడానికి చిన్న పిస్టలా, రివాల్వరా? ట్రిగ్గర్ సంగతి చెప్పండి

ఎనుమాముల_అడ్తి
మొన్ననే లైసెన్స్ చేతికొచ్చింది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి, పత్తి అడ్తి మాది. సీజన్లో చీకటి పడ్డాక నగదు పట్టుకుని నర్సంపేట రోడ్డు మీద ఒక్కణ్ణే కారులో పోవాల్సి వస్తుంది. పోయినేడాది ఇద్దరు బైకు మీద ధర్మారం దాటినప్పటి నుంచి గిర్నిబావి దాకా వెంటబడ్డారు. ఆ రాత్రి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఫిర్యాదు చేశాను, తర్వాతే లైసెన్స్‌కు పెట్టుకున్నాను.
ఇప్పుడు ఏది కొనాలో తేలట్లేదు. ఒక షాపాయన రివాల్వర్ తీసుకొమ్మంటాడు. ఇంకొకాయన దగ్గర పాత జర్మనీ పిస్టల్ ఉందట, అది తీసుకుంటే జన్మంతా ఉంటుందంటాడు. ఒకరు సింగిల్ యాక్షన్ అంటారు, ఒకరు డబుల్ యాక్షన్ అంటారు. రోజంతా కాటా దగ్గర బస్తాల మధ్య తిరిగే మనిషిని. లూజు చొక్కా వేస్తాను, టక్ చేయను. ఇంట్లో ఇద్దరు పిల్లలు. వాడినవాళ్ళు చెప్పండి.

హుజూరాబాద్_రవి
లైసెన్స్ పుస్తకంలో ఏం రాసిచ్చారు? కొందరికి రివాల్వర్ అని మాత్రమే రాస్తారు.

ఎనుమాముల_అడ్తి
పిస్టల్ లేదా రివాల్వర్, .32 బోర్ (గొట్టం లోపలి కొలత) అని ఉంది అన్నా.

కేయూ_క్రాస్‌రోడ్
.32 ఎందుకు? గ్లాక్ తీసుకో, ప్రపంచమంతా అదే వాడుతోంది.

ఓరుగల్లు_వకీలు
గ్లాక్ అంటే ఎక్కువగా 9 ఎంఎం, అది ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు జనానికి నిషేధించిన కొలత) తమ్మీ. మామూలు లైసెన్స్ మీద రాదు. పైగా 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్స్‌దారులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. ఇప్పుడు షాపుల్లో కనబడే వాల్తర్, బెరెట్టా, సీజడ్ అన్నీ అంతకుముందు వచ్చి చేతులు మారుతున్నవో, ప్రత్యేక అనుమతితో వచ్చినవో. అందుకే ధర లక్షల్లో ఉంటుంది. అడ్తి అన్న ముందున్నవి రెండే దారులు: మన దేశంలో తయారయ్యే .32 రివాల్వర్, పిస్టళ్ళు, లేదంటే పాత విదేశీ .32 పిస్టల్.

మామునూరు_ఆర్మరర్
ఇరవై ఎనిమిదేళ్ళు ఆయుధాలు విప్పి, తుడిచి, బిగించిన చేతులివి. రిటైరయ్యాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదువు.

కంపెనీ పేరు తర్వాత చూద్దాం, ముందు ట్రిగ్గర్ అర్థం చేసుకో. సింగిల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే, ఎత్తి ఉన్న హ్యామర్‌ను (వెనుక నుంచి కొట్టి తూటాను పేల్చే సుత్తిని) వదలడం. రెండు కిలోల చిల్లర బరువు, వేలు కొద్దిగా కదిలితే చాలు, పేలుతుంది. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గరే హ్యామర్‌ను వెనక్కి ఎత్తుతుంది, అదే వదులుతుంది. ఐదారు కిలోల బలం కావాలి, వేలు బాగా వెనక్కి ప్రయాణం చేయాలి. మూడోది రెండూ కలిసినది. జర్మనీ పిస్టల్ వాల్తర్ పీపీకే లాంటి వాటిలో మొదటి దెబ్బ బరువుగా, పొడుగ్గా ఉంటుంది. పేలగానే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) వెనక్కి వచ్చి హ్యామర్‌ను ఎత్తేస్తుంది, రెండో దెబ్బ నుంచి తేలిక.

మన దగ్గర తయారైన అశని పిస్టల్ సింగిల్ యాక్షన్. అంటే బయటకు తీసుకెళ్ళేటప్పుడు నీకు రెండే దారులు. ఛాంబర్లో (పేలడానికి తూటా కూర్చునే గదిలో) రౌండ్, అంటే తూటా పెట్టి, సేఫ్టీ వేసి, నడుముకు పెట్టుకోవాలి. లేదా ఛాంబర్ ఖాళీగా ఉంచి, అవసరమైనప్పుడు స్లైడ్ లాగాలి. మొదటిది ఏళ్ళ తరబడి సాధన ఉన్నవాడికి. రెండోదానికి రెండు చేతులూ కావాలి. కారులో ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద ఉంటే స్లైడ్ ఏ చేత్తో లాగుతావు?

రోజంతా మనుషుల మధ్య తిరిగేవాడికి, తుపాకీ కొత్తవాడికి, మొదటి దెబ్బ బరువుగా ఉండేదే కావాలి. వేలు తగిలినంత మాత్రాన పేలకూడదు, పేల్చాలని గట్టిగా అనుకుంటేనే పేలాలి. నా ఓటు డబుల్ యాక్షన్ రివాల్వర్‌కు.

జనగామ_ఫౌజీ
ఆర్మరర్ సార్ చెప్పినదాంట్లో ట్రిగ్గర్ సంగతి ఒప్పుకుంటాను, రివాల్వర్ సంగతి ఒప్పుకోను. రివాల్వర్లో తూటాల గదులుండే తిరిగే సిలిండర్ ఉబ్బెత్తుగా ఉంటుంది. పల్చటి కాటన్ చొక్కా కింద కుడి నడుము దగ్గర బొడిపెలా కనిపిస్తుంది. వంగి బస్తా చూసినప్పుడల్లా చొక్కా దానికి పట్టుకుంటుంది. పీపీకే చదునుగా ఉంటుంది, అరచేతి పొడుగు, ఆరు వందల గ్రాములకు అటూ ఇటూ. మ్యాగజైన్లో (పిడిలో దూర్చే తూటాల డబ్బాలో) ఏడు. మొదటి దెబ్బ డబుల్ యాక్షనే కాబట్టి సార్ అడిగిన భద్రత అందులోనూ ఉంది. డబ్బుంటే అదే తీసుకో తమ్మీ.

మామునూరు_ఆర్మరర్
ఫౌజీ గారూ, మీకు చేతి అలవాటు ఉంది. మొదటి దెబ్బ ఆరు కిలోలు, రెండోది రెండు కిలోలు. గుండె దడదడలాడుతుంటే ఆ తేడా కొత్తవాడి వేలుకు తెలియదు. ఒకటి పేల్చి ఆపుదామనుకున్నవాడు రెండోది కూడా వదిలేస్తాడు. తర్వాత హ్యామర్ ఎత్తే ఉంటుంది, అలాగే నడుములో పెట్టేసుకుంటాడు. పీపీకేలో సేఫ్టీ కిందికి నొక్కితే హ్యామర్ దానంతటదే భద్రంగా దిగుతుంది, నిజమే. ఆ నొక్కడం ఆ క్షణంలో గుర్తుండాలి కదా.

జనగామ_ఫౌజీ
అందుకే సాధన చేయమంటున్నాను. గుర్తుండకపోతే ఏ ఆయుధమైనా ప్రమాదమే.

గోదారి_అవతల
పైన పీపీకేకి హ్యామర్ దించే మీట ఉందన్నారు. అన్నిటికీ ఉండదు, జర పైలం. బెరెట్టా టామ్‌క్యాట్, సీజడ్ 83 రెండూ డబుల్ యాక్షనే, కానీ ఆ మీట ఉండదు. రౌండ్ ఛాంబర్లో ఉండగా హ్యామర్ దించాలంటే బొటనవేలితో పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా వదలాలి. మా చిన్నాయన అలాగే దించుతుండగా చెమట చేతికి హ్యామర్ జారింది. నేను పక్క మంచం మీద కూర్చుని ఉన్నాను. తూటా గచ్చుకు తగిలి లేచి మంచం కోడులోకి దిగింది. చెవుల్లో గుయ్‌మని మోత, ఇంట్లో ఎవరి మాటా వినబడలేదు కాసేపు. ఆ కోడులో రంధ్రం ఇప్పటికీ ఉంది, చిటికెన వేలు పడుతుంది. చిన్నాయన మర్నాడే దాన్ని డీలర్ దగ్గర పెట్టేసి వచ్చాడు.

పరకాల_బంకు_అక్క
నాది పెట్రోల్ బంకు. మా ఆయన పోయాక లైసెన్స్ నా పేరు మీద తీసుకున్నాను. మొదట చిన్న పిస్టల్ కొందామనుకున్నాను. షాపులో స్లైడ్ లాగమంటే సగం వరకు వచ్చి ఆగిపోయింది. చిన్న పిస్టల్ అంటే సులువనుకున్నాను. ఈ .32 పిస్టళ్ళలో స్లైడ్‌ను ఆపేది స్ప్రింగు, బరువు మాత్రమేనట, అందుకే ఆ స్ప్రింగు గట్టిగా ఉంటుందని షాపాయన చెప్పాడు. రివాల్వర్‌లో లాగేదేమీ లేదు. తెరువు, ఆరు పెట్టు, మూసెయ్.
ట్రిగ్గర్ బరువే మొదట్లో కష్టమైంది. ఖాళీ రివాల్వర్‌లో డమ్మీ రౌండ్లు పెట్టి రోజూ ఇరవై సార్లు నొక్కేదాన్ని. నెలకు వేలు అలవాటు పడింది.

కేయూ_క్రాస్‌రోడ్
అక్కా, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటారా, నడుముకా?

పరకాల_బంకు_అక్క
బ్యాగులోనే. కానీ దానికి విడిగా ఒక అర కుట్టించాను, లోపల హోల్‌స్టర్ ఉంది. ఆ అరలో ఇంకేం వేయను. తాళంచెవో, పెన్నో ట్రిగ్గర్ గార్డులోకి దూరితే ఏమవుతుందో తలుచుకుంటేనే భయం. బ్యాగు భుజం దిగదు. బంకులో బల్ల మీద పెట్టి పక్కకు పోవడం అనేదే లేదు.

ఓరుగల్లు_వకీలు
అక్క చెప్పినదానికి చట్టం మాట కలుపుతాను. 2016 ఆయుధ నియమాల ప్రకారం పిస్టల్ గానీ రివాల్వర్ గానీ బహిరంగ ప్రదేశంలోకి తీసుకెళ్ళాలంటే ఒంటికి కట్టుకున్న హోల్‌స్టర్‌లోనో, బ్యాగులోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, నీ అదుపులో ఉండాలి. అంటే కనబడకుండా పెట్టుకోవడం మన దగ్గర ఇష్టం కాదు, నియమం. చొక్కా పైకెత్తి చూపించడం, పెళ్ళి బరాత్‌లో గాల్లోకి కాల్చడం చేస్తే లైసెన్స్ మీద ఆశ వదులుకో. 2019 ఆయుధ చట్ట సవరణ తర్వాత సంబరాల కాల్పులకు రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అదే సవరణలో లైసెన్స్ గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది, మామూలు మనిషి దగ్గర ఉండదగ్గ ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి.
ఎన్నికల కోడ్ వస్తే స్టేషన్లో జమ చేయమంటారు. రసీదు తీసుకో, ఫొటో తీసి పెట్టుకో.

గోదారి_అవతల
ఏరియా వాలిడిటీ, అంటే లైసెన్స్ ఏ ప్రాంతం దాకా చెల్లుతుందో కూడా చూసుకో అన్నా. నేను కాళేశ్వరం వంతెన దాటి సిరోంచ వైపు పనులు చేస్తాను. వంతెన ఇవతల తెలంగాణ, అవతల మహారాష్ట్ర. నా పుస్తకంలో తెలంగాణ అనే ఉంది కాబట్టి అవతలికి పోయే రోజు ఇంట్లో బీరువాలో పెట్టి పోతాను. మిర్చి లోడుతో గుంటూరు పోయే అలవాటుంటే నీకూ ఇదే తంటా.

భద్రకాళి_గట్టు
అందరూ తుపాకీ ఏదని మాట్లాడుతున్నారు, అవసరమా అని అడిగేవాళ్ళు లేరు. డబ్బు బ్యాంకులో వేస్తే ఎవడు వెంటబడతాడు? తుపాకీ ఉందని తెలిస్తే దానికోసమే వస్తారు కొందరు.

ఎనుమాముల_అడ్తి
పెద్ద మొత్తాలు బ్యాంకులోనే అన్నా. రైతు చేతి ఖర్చుకు కొంత నగదు అడుగుతాడు, హమాలీల కూలీ రోజు కూలీ, కాటా వాళ్ళది నగదు. ఎంత తగ్గించినా కొంత మిగులుతుంది. మీ మాట మాత్రం మనసులో పెట్టుకున్నా. ఈ సీజన్ నుంచి చీకటి పడకముందే, గుమస్తాను వెంట పెట్టుకుని పోతున్నా.

భద్రకాళి_గట్టు
అది మంచి పని. రోజూ ఒకే టైముకు, ఒకే దారిలో కూడా పోకు.

మామునూరు_ఆర్మరర్
గట్టు గారి మాట అందరూ వినాలి. తుపాకీ తీయాల్సిన అవసరం రాకుండా చూసుకోవడమే మొదటి పని.

రేంజ్_పాయింట్22
నేను .22 కాలుస్తాను, పోటీలకు. షాపుకు పోయినప్పుడు ఈ చిన్న పరీక్ష చేయి అన్నా. ఆయుధం ఖాళీ అని షాపాయన చూపించాక నువ్వు కూడా చూడు. డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చేయవచ్చా అని అడుగు. భద్రమైన గోడ వైపు పట్టుకుని, బ్యారెల్ మీద, ముందు సైట్ పక్కన రూపాయి బిళ్ళ పెట్టమను. ఇప్పుడు డబుల్ యాక్షన్‌లో మెల్లగా నొక్కు. బిళ్ళ పడకుండా హ్యామర్ పడితే ఆ ట్రిగ్గర్ నీ చేతిలో ఉన్నట్టు. పడితే బరువు ఎక్కువైనా అయి ఉండాలి, పిడి నీ చేతికి పెద్దదైనా అయి ఉండాలి. చూపుడు వేలి మొదటి కణుపు దాకా ట్రిగ్గర్ అందాలి. కొన కొసతో గీరుతూ నొక్కాల్సి వస్తే ఆ తుపాకీ నీది కాదు.
మనవాళ్ళు చాలామంది రివాల్వర్ కొని హ్యామర్ బొటనవేలితో ఎత్తి కాల్చడం మాత్రమే నేర్చుకుంటారు. అప్పుడది సింగిల్ యాక్షనే అయిపోతుంది, డబుల్ యాక్షన్ కొన్న లాభం పోతుంది.

హుజూరాబాద్_రవి
బిళ్ళ పరీక్ష ఇప్పుడే మా బాపు రివాల్వర్ మీద చేశాను. పదికి ఆరు సార్లు పడింది. పదేళ్ళుగా ఇంట్లో ఉంది, ఇంత మొండి ట్రిగ్గర్ అని ఇవాళే తెలిసింది.

రేంజ్_పాయింట్22
రోజూ చేయి రవన్నా, వారంలో తేడా తెలుస్తుంది. తూటాలు వేరే గదిలో పెట్టి చేయి.

జనగామ_ఫౌజీ
పిస్టల్ తీసుకునేవాళ్ళకు ఒకటి. .32 పిస్టల్ తూటాకు అడుగున అంచు కొద్దిగా బయటికి ఉంటుంది. మ్యాగజైన్లో నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి పోతే రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి, పైకి రాదు. ఒక్కో తూటాను కింది దానికి ముందు వైపు నుంచి జార్చి, వెనక్కి నెట్టి కూర్చోబెట్టాలి. నింపాక మ్యాగజైన్ వెనుక వైపు అరచేతికి రెండుసార్లు తట్టు. ఇంకో మాట, .32 రివాల్వర్ తూటా వేరు, .32 పిస్టల్ తూటా వేరు. అంకె ఒకటే కదా అని కొనకు.

ఎనుమాముల_అడ్తి
ఇది నాకు అస్సలు తెలియదు. రెండూ ఒకటే అనుకున్నా.

పరకాల_బంకు_అక్క
నాకు ఒకసారి రేంజిలో రెండు తూటాలు పేలలేదు. పాత పెట్టెలోవి. రివాల్వర్‌లో మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే పక్క గది తిరిగి వచ్చి పేలింది. అప్పుడే అనుకున్నాను, నాకిదే సరైందని.

రేంజ్_పాయింట్22
అక్కా, ప్రాణం మీదికి వచ్చినప్పుడు అలా నొక్కడం సరే. రేంజిలో మాత్రం పేలకపోతే బ్యారెల్ లక్ష్యం వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి. సిలిండర్ తిరిగాక పక్కన పేలితే చేతికి తగులుతుంది.

పరకాల_బంకు_అక్క
మంచి మాట చెప్పావు. ఇకనుంచి ఆగుతాను.

హుజూరాబాద్_రవి
మన దేశం రివాల్వర్లలో ఏది? నిర్భీక్, ప్రబల్ అని పేర్లు వింటున్నా.

మామునూరు_ఆర్మరర్
నిర్భీక్ 2014లో కాన్పూర్ నుంచి వచ్చింది. టైటానియం మిశ్రమం, అర కిలో బరువు, ఆరు తూటాలు. ఆడవాళ్ళ కోసమని ప్రచారం చేశారు, వచ్చినప్పుడు ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. బ్యారెల్ ముందుకు విరిగినట్టు తెరుచుకునే పాత పద్ధతి. ప్రబల్ 2023 ఆగస్టులో వచ్చింది, కాన్పూర్‌దే. 675 గ్రాములు, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ముందుకు విరిచి తెరిచే వాటిలో పిన్ను, లాచ్ ఏళ్ళు గడిచేకొద్దీ వదులవుతాయి. పాతది కొంటే మూసి పట్టుకుని మెల్లగా కదిపి చూడు, బ్యారెల్ ఊగితే వదిలెయ్. తేలికదాన్ని నడుముకు పెట్టుకోవడం హాయి, కాల్చినప్పుడు చేతికి దెబ్బ ఎక్కువ. ఇంకో వంద, నూటయాభై గ్రాములు మోయడానికి వెనకాడకు.
పాత రివాల్వర్ ఏదైనా సరే, హ్యామర్ బ్లాక్ (ట్రిగ్గర్ నొక్కనిదే హ్యామర్ తూటాకు తగలకుండా ఆపే భాగం) ఉందా, పనిచేస్తోందా అని తెలిసినవాడికి చూపించు. లేకపోతే హ్యామర్ కింద గది ఖాళీ ఉంచి ఐదే పెట్టుకో. కింద పడితే పేలకూడదు.

కాజీపేట_తోలుపని
నేను బెల్టులు, కత్తి ఒరలు, హోల్‌స్టర్లు కుడతాను. పైన ఎవరూ సరిగ్గా చెప్పలేదు, అందుకే రాస్తున్నా. లక్ష పెట్టి తుపాకీ కొంటారు, హోల్‌స్టర్ దగ్గర మూడు వందలకు బేరమాడతారు. నా దగ్గరికి రిపేరుకు వచ్చేవాటిలో ఎక్కువ మెత్తటి తోలువి. చెమటకు నాని మూతి లోపలికి ముడుచుకుపోయి ఉంటాయి. తుపాకీ లోపలికి తోసినప్పుడు ఆ ముడత ట్రిగ్గర్ గార్డులోకి వేలులాగే దూరుతుంది. తేలిక ట్రిగ్గర్ అయితే తొడలోకి పేలుతుంది. మూతి గట్టిగా, తుపాకీ తీసినా తెరుచుకునే ఉండాలి. ట్రిగ్గర్ గార్డు మొత్తం మూసుకోవాలి. లోపల పెట్టేటప్పుడు చూస్తూ పెట్టండి, చొక్కా కొస ఇరుక్కుందేమో వేలితో తడిమి చూసుకోండి.
మే నెలలో మన ఓరుగల్లు ఎండకు చెమట చొక్కా దాటి ఇనుముకు చేరుతుంది. రాత్రి హోల్‌స్టర్ నుంచి తీసి, పొడి గుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయాలి. హోల్‌స్టర్లోనే వదిలేస్తే తోలులోని తడికి వారంలో తుప్పు చుక్కలు లేస్తాయి.

కేయూ_క్రాస్‌రోడ్
లుంగీ మీద ఎలా పెట్టుకోవాలి మరి? మా తాత అడుగుతున్నాడు.

కాజీపేట_తోలుపని
లుంగీ మీద వద్దని చెప్పు తమ్మీ. ముప్పావు కిలో బరువుకు ముడి నిలవదు, తుపాకీతోపాటు లుంగీ కూడా కిందికే. బెల్టు లేనిదే హోల్‌స్టర్ లేదు.

జనగామ_ఫౌజీ
కారులో కూర్చుంటే కుడి నడుము దగ్గరిది సీటు బెల్టుకూ తలుపుకూ మధ్య ఇరుక్కుంటుంది. షాపులో నిలబడి మాత్రమే చూసుకోకు. కుర్చీలో కూర్చుని, బెల్టు పెట్టుకున్నట్టు ఊహించుకుని చెయ్యి అందుతుందో లేదో చూడు. ఇంకాస్త ముందుకు జరపాల్సి రావచ్చు.

మామునూరు_ఆర్మరర్
పిల్లలున్నారన్నావు కాబట్టి ఇంటి సంగతి. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ ఖాళీ చేసేటప్పుడే జరిగాయి. పిస్టల్‌లో మ్యాగజైన్ తీయకుండా ముందు స్లైడ్ లాగుతారు. ఛాంబర్లోది బయట పడుతుంది, మ్యాగజైన్ నుంచి ఇంకోటి లోపలికి పోతుంది. తర్వాత మ్యాగజైన్ తీసి, ఖాళీ అయిందనుకుని ట్రిగ్గర్ నొక్కుతారు. మా దగ్గర గోడకు రెండు గుంటలు అలాగే పడ్డాయి. ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్, తర్వాత కంటితో చూడటం, తర్వాత చిటికెన వేలు ఛాంబర్లో పెట్టి చూడటం. రివాల్వర్ అయితే తెరిచి ఆరు గదులూ వెలుతురుకు పట్టి చూస్తే సరి. ఇంట్లో తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో. తాళంచెవి దేవుడి గూట్లో కాదు, నీ జేబులో.

ఓరుగల్లు_వకీలు
ఆఖరికి ఒకటి. ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, 2024 జూలై 1 నుంచి. డబ్బు సంచి లాక్కుని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే ఆ సెక్షన్లు నిన్ను కాపాడతాయని అనుకోకు. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, ముప్పు ఉన్నంతసేపు, అవసరమైనంతే. ట్రిగ్గర్ బరువుగా ఉండాలని ఆర్మరర్ సార్ అంటున్నది కోర్టులో కూడా పనికొచ్చే మాట. పొరపాటున పేలిందని చెప్పే పరిస్థితే నీకు రాకూడదు.

ఎనుమాముల_అడ్తి
పది రోజుల తర్వాత రాస్తున్నా. రోజూ వేసుకునే చొక్కా, బెల్టుతోనే షాపుకు పోయాను. ముందు పాత జర్మనీ పిస్టల్ చూశాను. చేతికి ముద్దుగా ఉంది, ఫౌజీ అన్న చెప్పినట్టే చొక్కా కింద కనబడలేదు. కానీ మొదటి నొక్కుకూ రెండో నొక్కుకూ తేడాలో నా వేలు తడబడింది. రెండోసారి నేను అనుకోకముందే హ్యామర్ పడిపోయింది. ఖాళీదే అయినా వెన్నులో చలి పుట్టింది. పక్కకు తెరుచుకునే రివాల్వర్‌కు బిళ్ళ పరీక్ష చేశాను. పదికి మూడుసార్లు పడింది, మిగతా ఏడు నిలిచింది. చొక్కా కింద కాస్త ఉబ్బుగా కనిపిస్తోంది. ఒక సైజు పెద్ద చొక్కాలు కుట్టించుకుంటా. దానికే డబ్బు కట్టాను, వచ్చాక స్టేషన్లో చూపించి పుస్తకంలో రాయించుకోవాలి. అక్కా, డమ్మీ రౌండ్లు కూడా ఆరు తీసుకున్నా.

పరకాల_బంకు_అక్క
రోజుకు ఇరవై. పిల్లలు బడికి పోయాక.

జనగామ_ఫౌజీ
నీ వేలు చెప్పింది విన్నావు, సరైన పని చేశావు. చొక్కా సంగతి నేను ఇక మాట్లాడను.

ఎనుమాముల_అడ్తి
తోలుపని అన్నా, హోల్‌స్టర్ నీ దగ్గరే కుట్టించుకుంటా. బెల్టు ఎంత వెడల్పు కావాలి?

కాజీపేట_తోలుపని
ఒకటిన్నర అంగుళం, రెండు పొరలు కలిపి కుట్టింది. తుపాకీ వచ్చాక ఖాళీగా పట్టుకుని రా, కొలత దాని మీదే తీస్తాను. తూటాలు ఇంట్లో పెట్టి రా.